మూడు బావుల కాళియప్పన్

కాళియప్పన్‌కు మూడు బావులుండేవి. భూమి మాత్రం జానెడు కూడా లేదు.

వినేవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. కోయంబత్తూరుకు తూర్పున, సింగానల్లూరు దాటాక ఉన్న ఆ ఊళ్లో మాత్రం ఎవరికీ వింత కాదు. అక్కడ రైతుల ఇళ్లలోనూ తెలుగే, తోలుపని వాళ్ల వీధిలోనూ తెలుగే. ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చారో రెండు వైపులా ఎవరూ చెప్పలేరు. బావులు రైతులవి. ఆ బావుల్లోంచి ఎద్దులు నీళ్లు లాగే బానలు, వాటి అడుగున ఏనుగు తొండంలా వేలాడే తోలు గొట్టాలు కుట్టి, బాగుచేసి పెట్టే హక్కు తోలుపని ఇళ్లది. ఏ బావి ఏ ఇంటిదో తండ్రి నుంచి కొడుక్కు నడిచి వచ్చేది. ఏడాది పొడుగునా బాన చెడకుండా చూసినందుకు, కళ్లంలో ధాన్యం కొలిచేనాడు ఆ ఇంటివాడికి మేరగా కొంత ధాన్యం పెట్టేవారు. చచ్చిన పశువు తోలు కూడా అతనిదే. అందుకే ఆ వీధిలో పెళ్లిమాటలప్పుడు పిల్లవాడికి ఎన్ని బావులని అడిగేవారు. కూతురు ఇరుళాయిని ఇచ్చేముందు ఆమె తండ్రి అలా అడిగితే కాళియప్పన్ తండ్రి మాట్లాడకుండా మూడు వేళ్లు చూపించాడట.

ఆ హక్కుకు ఒక కట్టుబాటు ఉంది. పైరు నీళ్లకు ఎదురుచూస్తుండగా బాన చినిగిందని కబురు వస్తే గడువు అడగకూడదు. నోట్లో ముద్ద ఉంటే మింగి లేవాలి. గడువు అడిగినవాడి బావి మరో ఇంటికి పోతుంది. కాళియప్పన్ తండ్రి, తన తల్లి శవం వాకిట్లో ఉండగానే పోయి తొండం కుట్టి వచ్చి, ఆ తర్వాత పాడె ఎత్తాడట. ఈ సంగతిని ఆ ఇంట్లో బాధగా కాదు, గర్వంగా చెప్పుకునేవారు. కాళియప్పన్ ఆ గర్వం తాగి పెరిగాడు.

కరెంటు తీగలు పొలాల మీదుగా వచ్చాక మొదటి బావి పోయింది. ఆ రైతు పంపుసెట్టు పెట్టించి, ఆ ఏటి మేర ఇచ్చి, ఇక రానక్కరలేదని మర్యాదగానే చెప్పాడు. రెండో బావి ఉన్న పొలాన్ని ఒక మిల్లు కొన్నది. బావిని పూడ్చి దాని మీద దూది గిడ్డంగి కట్టారు. ఇరుళాయి ఆ గిడ్డంగిలోనే చెత్త దూది ఏరే రోజుకూలికి కుదిరింది. "మా ఆయన బావి మీదనే కూసోనుండాను, నన్నెవురు లేపుతారు?" అని తోటి ఆడవాళ్లను నవ్వించేది.

మిగిలింది పెరుమాళ్సామి నాయుడి బావి. ఆయనా మోటారు పెట్టించాడు. మిల్లులో వాటాలున్న మనిషి, యంత్రాల సంగతి కాస్త తెలిసినవాడు. తెలిసినందువల్లనే యంత్రాన్ని పూర్తిగా నమ్మలేదు.

"బాన పారెయ్యొద్దురా కాళియా," అన్నాడు. "ఈ మోటారు ఎప్పుడు మండుతాదో ఎవురికి తెలుసు? నూనె పట్టిచ్చి పెట్టుకో. మేర సగం ఇస్తా."

"నీళ్లు తోడకుండానే సగమా సామి?"

"తోడకుండా ఉండేదానికేరా సగం! తోడితే అంతా ఇయ్యల్ల గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటి నుంచి కాళియప్పన్ వారానికి ఒకటి రెండు సార్లు వెళ్లి, కొట్టంలో వేలాడదీసిన తొండాన్ని దింపి, కానుగ నూనె పట్టించి, ఒళ్లో వేసుకుని పిసికేవాడు. నీళ్లు తాకని తోలు కట్టెలా బిగుసుకుపోతుంది. బావిలోకి దిగని బానను బతికించి ఉంచడం, రోజూ దిగే బానను బాగుచేయడం కంటే కష్టం. చూసేవాళ్లకు మాత్రం అది పనిలా కనిపించేది కాదు.

ఇరుళాయి తమ్ముడు యేసుదాసు చిన్నప్పుడే మిషను వాళ్ల బడిలో చేరి, మదురైలో ఒక మిల్లులో పని నేర్చుకుని, కోయంబత్తూరు మిల్లులో రోలరు తోలు విభాగానికి మేస్త్రీ అయ్యాడు. నూలు వడికే యంత్రాల్లో దూది పీచును లాగి సన్నం చేసే ఇనుప రోలర్లుంటాయి. వాటికి గుడ్డ చుట్టి, దాని మీద పలచని గొర్రెతోలు తొడుగు బిగిస్తారు. అతుకు కాస్త తేలినా నూలు తెగుతుంది. యుద్ధం ముగిశాక కొత్త మిల్లులు లేస్తున్న రోజులవి. ఆ పనికి మనుషులు చాలక, మిల్లులన్నీ కలిసి నడిపే సాంకేతిక పాఠశాలలో సాయంత్రం పూట ఒక తరగతి పెట్టారు. కొన్ని నెలలు నేర్పి, చివర ఒక పరీక్ష పెట్టి, గెలిచినవాళ్లను మిల్లులోకి తీసుకుంటారు.

ఒక ఆదివారం యేసుదాసు వచ్చి కబురు చెప్పాడు.

"బావా, చచ్చిన బానకి నూనె పూసేది చాలించు. తోలు తెలిసినోళ్లే కావల్లంట. నీకంటే తెలిసినోడు యాడ దొరుకుతాడు వాళ్లకి?"

"నాకి ఎద్దుతోలు తెలుసు. గొర్రెతోలు పిల్లకాయల డప్పుకి గదా."

"ఆ డప్పుతోలుకే పర్మనెంటు పని ఇస్తారు. ఎక్కిరించద్దు."

పొయ్యి దగ్గరున్న ఇరుళాయి వెనక్కి తిరిగింది. గిడ్డంగిలో ప్రతి ఉదయం ఆడవాళ్లను వరసగా నిలబెట్టి, ఆనాటికి కావలసినవాళ్లను వేలితో చూపించి లోపలికి పిలిచేవారు. ఆ వేలు తన మీద ఆగుతుందో దాటిపోతుందో అని ఏళ్ల తరబడి చూసిన మనిషి ఆమె.

"పర్మనెంటు అంటే ఏందో నీకి తెలీదు మామా," అంది. "రేపి పని ఉంటదా అని అడక్కుండా నిద్దరపోయేది. ఒక్క రాత్రి అట్ల నిద్దరపోవల్ల నేను."

కాళియప్పన్ వెళ్లి చేరాడు. అయితే నాయుడికి చెప్పలేదు. చెప్పమని ఇరుళాయి ఎన్నిసార్లు అన్నా ఒకటే జవాబు.

"చెప్తే బావి ఇడిసిపెట్టినట్ల అయిపోతాది. పరిచ్చలో గెలవకపోతే? ఇది పోయి, అది రాక, నడిమధ్యలో నిలబడల్లనా? గెలిచినంక పోయి కాళ్లమీద పడి చెప్తా."

తరగతిలో అందరూ కుర్రవాళ్లు. మాస్టరు తమిళంలో చెప్పి, పలక మీద బొమ్మ గీసి చూపేవాడు. కాళియప్పన్‌కు మాట అర్థమయ్యేది, చెయ్యే వినేది కాదు. బతుకంతా మందపు తోలును గట్టిగా లాగి కుట్టిన చెయ్యి అది. ఇక్కడ కుట్టే లేదు. అంచులు ఉల్లిపొరలా చెక్కి, జిగురు రాసి, ఒకదాని మీదొకటి కూర్చాలి. జిగురు పట్టేలోగా అతని కుడిచెయ్యి తనంతట తానే నేలమీద తోలు గుచ్చే ఆరె కోసం వెతికేది.

"తాతా, సూది యాడ పెట్టినావు? కోడి ఎత్తుకపోయిందా?" అని కుర్రవాళ్లు నవ్వేవారు.

"నవ్వండ్రా. ఇదే తోలు మీ యీపుకి అతికిస్తే తెలుస్తాది, అతుకు పడిందో లేదో," అనేవాడు అతను. అందరితో పాటు మాస్టరూ నవ్వేవాడు.

చాలా తొడుగులు పాడయ్యాయి. కొన్ని జారిపోయాయి, కొన్ని లాగేటప్పుడు పగిలాయి. మానేస్తానని రెండు మూడు సార్లు అన్నాడు. ఒక సాయంత్రం ఎందుకో బలం పెట్టడం మరిచిపోయాడు. తొడుగు మెత్తగా రోలరు మీదికి ఎక్కి కూచుంది. మాస్టరు దాన్ని వెలుతురుకు పట్టి తిప్పిచూసి, మిగతావాళ్లకు చూపించడానికి తీసుకుపోయాడు. ఆ మర్నాడు అలాంటిదే ఇంకొకటి చేసి, రోలరుకు ఎక్కించక ఇంటికి తెచ్చాడు. ఇరుళాయి దాన్ని వేలికి తొడుక్కుని, కళ్లు మూసుకుని, రెండో చేతి వేలితో చుట్టూ తడిమింది.

"అతుకు యాడుండాది?"

"కనుక్కో."

"లేనే లేదు మామా."

"ఉండాది. చెప్పను పో."

ఆ ఇద్దరూ అంత సంతోషంగా ఉండగా మళ్లీ ఎవరూ చూడలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక కాళియప్పన్ పొద్దున్నే పాఠశాలకు పోయి, దీపాలు పెట్టేదాకా అక్కడే ఉండేవాడు. నాయుడి కొట్టం వైపు వెళ్లడం తగ్గింది. చివరి వారాల్లో అసలు వెళ్లనే లేదు. మోటారు బాగానే తిరుగుతోంది. నూనె వచ్చే వారం పెట్టవచ్చుననుకున్నాడు.

పరీక్షనాటి పొద్దున ఇరుళాయి ఉతికిపెట్టిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. పనివేళ తెలిపే మిల్లు సంగు ఊదేలోగా పాఠశాల గేటు లోపల ఉండాలి, ఊదాక ఎవరినీ రానివ్వరని యేసుదాసు మరీ మరీ చెప్పాడు. దారి నాయుడి పొలం పక్కనుంచే. అక్కడికి వచ్చేసరికి నాయుడి పాలేరు మునుసామి గట్టు మీద ఎదురయ్యాడు.

"కాళియన్నా! నీ యింటికే వస్తాండా. మోటారు మండిపోయె. కంపు యాడదాకనో కొడతాండాది. రాగినారు పీకేసి ఉండారు, ఆడోళ్లంతా గట్టుమీద కూసోనుండారు."

"ఎద్దులు కట్టినారా?"

"కడితిమి. ఒక్క లాగుడుకే తొండం పగిలిపోయె."

కాళియప్పన్ రోడ్డు వైపు ఒకసారి చూశాడు. తర్వాత బావి దగ్గరికి వెళ్లాడు. తొండం నేలమీద పడివుంది. మడతల దగ్గర తోలు ఎండి, పెళుసై, బారుగా చీలింది. నూనె తాకి ఎన్నాళ్లయిందో చూడగానే తెలుస్తోంది. తెలిసేది అతనొక్కడికే. మునుసామి, ఎద్దులు తోలేవాళ్లు, పాతతోలు కదా పగిలిందనుకుంటున్నారు. పీకిన నారు కట్టలు ఎండలో వాడుతున్నాయి.

గడువు అడగవచ్చునన్న ఆలోచన అతనికి రానే లేదని చెప్పలేం. వచ్చినా, తాను నూనె పెట్టక పగిలిన ఆ చీలికను చూశాక అడగలేకపోయాడు. చొక్కా విప్పి బావి పక్కన రాతిస్తంభానికి తగిలించాడు.

"ఏమన్నా, మాప్పిళ్లై మాదిరి చొక్కా ఏసుకోనొస్తివి, ఎవురి పెండ్లికి?" అని గట్టుమీది ఆడవాళ్లలో ఒకామె కేకవేసింది.

"నీ పెండ్లికే. ముహూర్తం దాటకముందే కుట్టనీ," అన్నాడు.

చీలిక మీద ఒక తోలు మాటు వేసి పరుగెత్తి పోదామనుకున్నాడు. మాటు వేశాడు. ఎద్దులు లాగితే పక్కనే ఇంకోచోట చీలింది. అక్కడ కుట్టేసరికి మూడోచోట నీళ్లు కారాయి. పాత తోలును కోసి పారేసి, కొట్టంలో ఉన్న కొత్త తోలుతో సగం తొండం మళ్లీ కుట్టక తప్పదని తేలింది. అతను ఆరె గుచ్చి తోలు వారు లాగుతుండగా పడమటి వైపు నుంచి మిల్లు సంగు ఊదింది. పొలాల మీదుగా నిడివిగా వచ్చి ఆగిపోయింది.

"సంగు ఊదేసె. ఎండ ఎక్కేలోగా అయితాదా అన్నా?" అన్నాడు మునుసామి.

"అయితాది," అన్నాడు కాళియప్పన్, తలెత్తకుండా.

కొంతసేపటికి నాయుడు కారులో వచ్చాడు. తెల్లపంచె, జరీ అంచు కండువా. బావి ఒడ్డున నిలబడి, కొత్త తొండం లోపలికి దిగి, నిండి, పైకి వచ్చి కాలవలోకి ధారగా ఒలికేదాకా చూశాడు. ఆడవాళ్లు మడిలోకి దిగారు.

"మీ అప్పనాటి చెయ్యిరా ఇది. నేను అప్పుడే చెప్తిని గదా, మోటారుని నమ్మద్దని!" అన్నాడు సంతోషంగా. "ఈ దినం ఆ స్కూల్లో పరిచ్చంట, నన్ను వచ్చి కూసోమన్నారు. ఇక్కడ నారు ఎండిపోతా ఉంటే యాడ పోతాను? ఇంగ నీళ్లు పారతాండాయి. నేను పోయొస్తా. నువ్వు ఉండి చూసుకో, కొత్త తోలు, నానేదాకా కారతాది."

కాళియప్పన్ లేచి నిలబడ్డాడు. నాయుడు కారు తలుపు మీద చెయ్యి వేసి, "ఏం కావల్లరా?" అని అడిగాడు.

"ఏం లేదు సామి."

కారు వెళ్లిపోయింది. అతను మధ్యాహ్నం దాకా ఆ తొండం పక్కనే ఉన్నాడు. నానిన తోలు ఉబ్బి కుట్లు మూసుకున్నాయి. చుక్క కారలేదు.

సాయంత్రం నాయుడు మళ్లీ వచ్చాడు. ఈసారి కండువా లేదు, ఇంటి నుంచి నడిచి వచ్చాడు. ఎద్దుల్ని విప్పేశారు. కాళియప్పన్ కాలవ నీళ్లలో చేతులు కడుక్కుంటున్నాడు.

"అక్కడ ఒకడు రాలేదంటరా. బల్లమీద అన్నీ పెట్టి మాస్టరు చాలాసేపు చూసినాడు. పెద్దవాడంట, చెయ్యి మంచిదంట. యేసుదాసు బావంట." నాయుడు ఆగాడు. "నువ్వేనా?"

కాళియప్పన్ తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"పొద్దున నేను ఇక్కడే నిలబడి ఉంటిని గదరా! ఒక్క మాట చెప్పుంటే కారులో ఎక్కించుకోని పోయుందునే. నాతో వస్తే గేటు తియ్యకుండా ఉంటారా వాళ్లు?"

"నీళ్లకి నిలబడిన పైరుని పెట్టుకోని ఎట్ల అడిగేది సామి?"

"ఒక పూట నారు పోతే పోయుండేది!"

కాళియప్పన్ మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాడు. నారు పోతే పోనీ అనగల రైతు ఉంటాడని అతనికి ఎవరూ చెప్పలేదు. నాయుడికీ, పొద్దున ఆ మాట అనివుండేవాడినేనా అన్న అనుమానం వచ్చినట్టుంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఇంటి దగ్గర యేసుదాసు అరిచి అరిచి వెళ్లిపోయి ఉన్నాడు. ఇరుళాయి గడపలో కూర్చుని ఉంది. చొక్కా మొగుడి భుజం మీదే ఉంది, అతని చేతుల్లో తోలువాసన.

"నీళ్లు పారినాయా?" అని అడిగింది.

"పారినాయి."

ఆమె లేచి అన్నం పెట్టింది. తాను తినలేదు.

నాయుడు ఊరుకునే మనిషి కాదు. మిల్లువాళ్లతో మాట్లాడాడు. మరుసటి తరగతిలో తప్పకుండా చేర్చుకుంటామన్నారు. ఆ మరుసటి తరగతి ఇదిగో అదిగో అని చివరికి మొదలు కానే లేదు. ఈలోగా ఆయన, ఒకటి కాలితే ఇంకొకటి ఉంటుందని, రెండో మోటారు కొన్నాడు. ఆ ఏడు కళ్లంలో కాళియప్పన్‌కు మేర మొత్తం కొలిపించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. బావి సంగతి అంతటితో ముగిసిందని ఇద్దరికీ తెలుసు.

కాళియప్పన్ మిల్లు గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టడం మొదలుపెట్టాడు. సంగు ఊదినప్పుడల్లా అతని ముందునుంచి వందల కాళ్లు లోపలికీ బయటికీ నడిచేవి. తరగతిలో తనను తాతా అని ఏడిపించిన కుర్రవాళ్లు మర్యాదగా ఆగి పలకరించేవారు. యేసుదాసు మాత్రం వెనక గేటు గుండా వెళ్లేవాడు. ఇరుళాయి అలాగే ప్రతి ఉదయం గిడ్డంగి ముందు వరసలో నిలబడి వేలు కోసం చూస్తూ ఉండేది. జరిగినదాని గురించి ఆమె ఒక్కమాట కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండునని అతనికి అనిపించేది.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. రోలర్లకు తోలు బదులు రబ్బరు తొడుగులు వస్తున్నాయని గేటు దగ్గర చెప్పుకోవడం కాళియప్పన్ విన్నాడు. ఆ రోజు పని తొందరగా చాలించి ఇంటికి పోయాడు.

"ఇనింటివా? రబ్బరు వస్తాందంట. తోలుపనే ఉండదంట ఇంగ," అన్నాడు. "నేను గెలిచి పోయుంటే మాత్రం ఏమి, ఇప్పుడు ఇంటికే గదా!"

ఇరుళాయి చాలాసేపు ఆలోచించింది.

"అట్లనా," అంది. "అయితే పోనీ మామా. యాడున్నా ఇంతే గదా మనకి."

ఆ రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయింది. ఆ తర్వాత కూడా ఆ మాటను అప్పుడప్పుడు తనంతట తానే అనుకునేది, ఇరుగుపొరుగుతో అనేది. ముఖంలో ఏదో తేలికపడింది. కాళియప్పన్ అది గమనించాడు.

రబ్బరు నిజంగానే వచ్చింది. తోలు విభాగాన్ని మూసిన వారంలో ఒక సాయంత్రం యేసుదాసు ముందు గేటు గుండా బయటికి వచ్చాడు. కాళియప్పన్ ఎదుట చెప్పు విడిచి, గోనెపట్టా అంచు మీద గొంతుక్కూర్చున్నాడు.

"వారు తెగింది బావా."

కాళియప్పన్ చెప్పు అందుకుని తిప్పి చూశాడు. "మూసేసినారంట గదా."

"మూసేసినారు. రోలర్లన్నీ రబ్బరే."

"ఇంగ నువ్వు యాడ పోతావు?"

"యాడికి పోయేది? నూలు చుట్టే కోను వైండింగుకి మార్చినారు."

"నిన్నొక్కణ్ణేనా?"

"అందర్నీ బావా. నీతో నేర్చుకునిన పిల్లకాయలు గూడా ఉండారు. పర్మనెంటు గదా, తియ్యలేరు. పని పోయినా మనిషి..." యేసుదాసు మాట మధ్యలో ఆపేశాడు.

కాళియప్పన్ ఆరె గుచ్చి వారు లాగాడు. ముడి వేసి, మిగిలిన కొస కోసి, చెప్పును యేసుదాసు కాలిముందు పెట్టాడు. యేసుదాసు జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నట్టు తల ఊపాడు.

"ఇంటికి వస్తావా ఆదివారం? మీ అక్క అడుగుతాంది."

"వస్తా బావా."

"రా. వస్తే, దానితో ఈ మాట చెప్పొద్దు."

"ఏ మాట?"

"తోలు పోయినా మనుషుల్ని పెట్టుకున్నారని."